ఏం చేస్తున్నావని అడిగే మనిషి

అమెరికా ఉత్తరాన తామరాక్ ఊళ్లో ఐలీ రౌటియో ఎదురుగా వచ్చి నిలబడిందంటే ఎంతటివాళ్లయినా కాస్త సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆమె పోలీసు కాదు, పంతులమ్మ కాదు. కౌంటీ సహాయ కార్యాలయంలో గుమాస్తా. పొట్టి మనిషి, నెత్తిన ఊలు టోపీ, కాళ్లకు చప్పుడు చేయని రబ్బరు బూట్లు. ఎవరో ఒకరి బల్ల దగ్గరికి వచ్చి, గోడ గడియారం వంక ఒకసారి చూసి, "ఇప్పుడు, ఈ నిమిషంలో, ఏం చేస్తున్నావు?" అని అడిగేది. చెప్పింది చెప్పినట్టు రాసుకుని వెళ్లిపోయేది. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. ఆమె ఉద్యోగమే అది.

ఇదీ ఒక ఉద్యోగమేనా అని ముక్కున వేలేసుకోకండి. వాషింగ్టన్‌కి అది చాలా ముఖ్యమైన ఉద్యోగం. పేదవాళ్లకి ఆహార కూపన్లు, మందుల ఖర్చు, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి నూనె, ఇవన్నీ ఫెడరల్ ప్రభుత్వం పథకాలు. పంచిపెట్టేది మాత్రం రాష్ట్రం. పంచిపెట్టే మనుషుల జీతాలు, వాళ్ల కుర్చీలు, ఫోన్లు, కార్యాలయం కప్పు మీద మంచు గోకినవాడి కూలీ, వీటిలో కూడా వాషింగ్టన్ తన వాటా ఇస్తుంది. అయితే ఒక్కో పథకానికి ఒక్కో వాటా. గుమాస్తా మాత్రం ఒక్కతే. కూపన్ల దరఖాస్తు చూస్తూ చూస్తూ మందుల ఫోను ఎత్తుతుంది, ఎత్తిన ఫోను పెట్టకముందే నూనె కోసం వచ్చిన ముసలమ్మని కూర్చోబెడుతుంది. ఆమె జీతంలో ఎంత ఏ పథకానిది? పొద్దస్తమానం వెనకాల ఒక మనిషిని కాపలా పెట్టలేరు కదా. అందుకని, పులుసులో ఉప్పు చూడ్డానికి గరిటెడు నోట్లో వేసుకున్నట్టు, నెలకి కొన్ని నిమిషాలు చీటీలు తీసినట్టు ఎంచుతారు. ఆ నిమిషానికి ఆ గుమాస్తా ఏ పని మీద ఉంటే ఆ పథకం కింద వాటా. ఏ పనీ చేయడం లేదంటే, ఆ నిమిషం ఖర్చు రాష్ట్రం నెత్తిన.

ఏ నిమిషం ఎవరిదో రాష్ట్ర రాజధాని నుంచి ఐలీ ఒక్కదానికే తెలిసేది. ముందుగా పొక్కకూడదు. ఆమె పొక్కనిచ్చే మనిషి కాదు. ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి కూడా మొగుడికి ఆలస్యంగా చెప్పే రకం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఊళ్లో వచ్చింది. రాగి గనుల్లో పనికని ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ ఉండే ఊరు అది. తన గురించి తాను చెప్పుకోవడమంటే వాళ్లకి నలుగురిలో బట్టలిప్పి నిలబడ్డం కన్నా సిగ్గు. ఆవిరి స్నానం దగ్గర బట్టలిప్పడానికి వాళ్లకి సిగ్గే లేదు కాబట్టి, ఇంకా చాలా ఎక్కువ సిగ్గన్నమాట. నిచ్చెనెక్కి ఇంటికి కప్పు వేసుకుంటున్నవాణ్ణి ఏం చేస్తున్నావంటే, ఏం లేదు ఊరికే అంటాడు. కవల పిల్లల్ని కనొచ్చిన ఆవిడని అడిగితే, ఏం లేదు కాస్త నడుం వాల్చా అంటుంది. ఫలానా పని చేశానని చెప్పుకున్నవాడు ఊళ్లో ఉండొచ్చు గానీ, కాఫీకి ఎవరూ పిలవరు.

ఇంక కార్యాలయంలో ఎలా ఉంటుందో చూడండి. బెర్నిస్ తుల్పో అని, అందరికన్నా ఎక్కువ పని చేసే గుమాస్తా. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో దరఖాస్తు నింపుతూ, రెండో చేత్తో ఎవరో తల్లి ఒళ్లోంచి జారిపోతున్న బిడ్డని పట్టుకుని ఉంటుంది. అప్పుడే ఐలీ వచ్చి నిలబడి, ఈ నిమిషంలో ఏం చేస్తున్నావని అడుగుతుంది. బెర్నిస్ ఫోను చేత్తో మూసి, మర్యాదగా, "ఏం లేదు. కూర్చున్నా" అంటుంది. ఐలీ రాసుకుంటుంది: ఏమీ లేదు, కూర్చుంది. ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. ఏళ్ల తరబడి కనిపించలేదు.

ఆ శరదృతువులో రాజధానికి కనిపించింది. కార్యాలయం అధికారి ట్రెవారో గారికి ఫోను వచ్చింది. ఆయనది ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లకి కాస్త మాట్లాడ్డం వచ్చు. అలాంటి మనిషి కూడా ఫోను పెట్టేశాక చాలాసేపు గొంతులో వెలక్కాయ పడ్డట్టు కూర్చున్నాడు. తామరాక్ కార్యాలయంలో మూడోవంతు సమయం మనుషులు ఊరికే కూర్చుంటున్నారని రాజధాని అభిప్రాయం. అంతమంది ఊరికే కూర్చోవడానికి వాషింగ్టన్ వాటా ఇవ్వదు, రాష్ట్రం దగ్గర లేదు. ఇలాగే ఉంటే మంచు కరిగే వేళకి కార్యాలయం మూసేసి, పనంతా వెస్ట్‌బరీ కార్యాలయంలో కలిపేస్తారు.

వెస్ట్‌బరీ రెండు గంటల దారి, అదీ రోడ్డు కనిపించే రోజుల్లో. సరస్సు మీంచి మంచు లేచిందంటే పక్కింటికి పోవడానికే తాడు పట్టుకోవాలి. ఊరి చివర ఓన్ని సల్మేలా అని ఒక ముసలాయన ఉండేవాడు. కారు లేదు, కళ్లు సరిగా ఆనవు. నెలకోసారి పాల బండిలో వచ్చి కూపన్లు తీసుకుని, మళ్లీ పాల బండిలో పోయేవాడు. వెస్ట్‌బరీకి రమ్మంటే ఆయన వెళ్లడు. రానని ఎవరితోనూ చెప్పడు కూడా. ఊరికే తినడం తగ్గించుకుంటాడు. అలాంటివాళ్లు ఆ కౌంటీలో ఎంతమందో ఐలీకి తెలుసు.

ఆ సంగతి విన్నప్పటి నుంచి ఐలీకి తిండి సయించలేదు. రాసింది తను. ఒక్క అబద్ధం ముక్క లేకుండా, గుండ్రటి అక్షరాలతో, ఊరి కార్యాలయం నోట్లో మట్టి కొట్టింది తనే. అబద్ధం రాసి ఉంటే కనీసం పశ్చాత్తాపపడ్డానికైనా వీలుండేది.

ట్రెవారో గారు అందర్నీ కూర్చోబెట్టి జవాబు చెప్పడం నేర్పాలని చూశాడు. పథకం పేరు చెప్పాలి, చేస్తున్న పని చెప్పాలి, అంతే. ముందు బెర్నిస్‌ని లేపాడు. ఆమె లేచి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను... కూపన్లకి... అర్హత నిర్ణయిస్తున్నాను" అంది. మొహం కందగడ్డ అయిపోయింది. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆమె తన పాస్టీ పట్టుకుని కారులో కూర్చుని ఒక్కతే తింది. మాంసం, బంగాళాదుంపలు కూరిన ఆ రొట్టెని ఒంటరిగా తినడమంటే ఆ ఊళ్లో చిన్న శిక్ష కాదు. మర్నాడు ఐలీ అడిగేసరికి మళ్లీ, ఏం లేదు కూర్చున్నా. ఆయనకి తల ప్రాణం తోకకి వచ్చింది.

చివరికి ఐలీని లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"వాళ్లు చెప్పరు. సరే. నీకు కళ్లున్నాయి కదా. చూసింది రాయి" అన్నాడు.

"నన్ను చూడమనలేదండీ. అడగమన్నారు."

"కార్యాలయం మూసేస్తారు ఐలీ."

"తెలుసండీ" అంది. "వాళ్లు అననిది అన్నట్టు రాశానంటే, ఆ తర్వాత నేను రాసింది ఏదీ ఎవరూ నమ్మక్కర్లేదు. వాషింగ్టనూ నమ్మక్కర్లేదు, నేనూ నమ్మక్కర్లేదు."

ఆయన ఆవిణ్ణి తిట్టలేదు. తిడదామని నోరు తెరిచి, ఇంటికి పొమ్మన్నాడు.

అది శనివారానికి ముందురోజు. శనివారం సాయంత్రం ఆ ఊళ్లో ప్రతి ఇంటి వెనకా ఆవిరి స్నానాల గదిలో పొయ్యి వెలిగి పొగ లేస్తుంది. పెళ్లిళ్లున్నా చావులున్నా శనివారం తప్పదు, శనివారం కాని రోజున వెలగదు. మర్నాడు ఐలీ మొగుడు రేనో కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి, పై మెట్టు మీద కాళ్లు చాపుకు కూర్చున్నాడు. అతని ఎడమ పాదానికి మూడే వేళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్న పాదమే. ఆ రోజు ఐలీ దాన్నే తదేకంగా చూసింది.

ఆ పాదం కథ పాతది. అప్పట్లో రేనో రోడ్ల మీద మంచు తోసే కౌంటీ బండి తోలేవాడు. ఐలీ రోడ్ల శాఖలో రేడియో దగ్గర కూర్చునేది. ఇద్దరికీ పెళ్లి కాలేదు, రేడియోలో తప్ప పరిచయమూ లేదు. ఒక మంచు తుఫానులో రేనో బండి రోడ్డు తప్పి సరస్సులోకి దిగిపోయింది. ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు అని ఐలీ రేడియోలో అడిగింది. ఏం లేదు, సరస్సు దగ్గర కాస్త కూర్చున్నా అన్నాడు. ఐలీ అలాగే రాసుకుంది. కాసేపటికి మళ్లీ అడిగింది. ఇంకా కూర్చున్నా అన్నాడు. చివరికి పాల బండివాడు ఊళ్లోకొచ్చి ఫోను చేసి, మీ రేనో నడుం దాకా నీళ్లలో ఉన్నాడమ్మా, పళ్లు టకటకలాడుతున్నాయి, బండి కిటికీల దాకా మునిగింది అని పూసగుచ్చినట్టు చెబితే, అప్పుడు మనుషుల్ని పంపారు. రెండు వేళ్లు పోయాయి. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్లిన ఐలీని రేనో, ఏం లేదు పడుకున్నా అని పలకరించాడు. ఆ వసంతంలో పెళ్లి చేసుకున్నారు.

"రేనో, ఆ పాల బండివాడు అంత వివరంగా ఎలా చెప్పాడంటావు?" అంది ఐలీ.

"వాడిది కాదుగా బండి" అన్నాడు రేనో.

ఐలీ నీళ్ల చెంబు కింద పెట్టేసింది.

నిజమే కదా. తన గురించి అడిగితే నోరు మెదపని ఊరు, పక్కవాడి గురించి అడిగితే ఆగుతుందా? పక్కవాడి కట్టెల దొంతి ఎంత ఎత్తో, వాడి కూతురు ఎవరితో తిరుగుతోందో, వాడి కుక్కకి ఏం జబ్బో ఊరంతటికీ తెలుసు. అడిగితే చెప్పడానికి సిద్ధంగానూ ఉంటారు. పైగా నియమాల్లో ఒక మాట ఉంది. గుమాస్తా సహాయం కోసం వచ్చిన మనిషితో మాట్లాడుతూ పలికే వీలు లేకుండా ఉంటే, పక్క ఉద్యోగిని అడిగి రాయొచ్చు. ఐలీ దాన్ని ఎప్పుడూ వాడలేదు. వాళ్లే మర్యాదకి పని ఆపి, ఏం లేదు అనేవాళ్లు కాబట్టి అవసరం రాలేదు.

సోమవారం బెర్నిస్ నిమిషం వచ్చింది. ఆమె ఎదురుగా ఒక గర్భిణి ఏడుస్తోంది. ఐలీ ఈసారి ఆమె ముందుకి పోలేదు. పక్క బల్ల కార్ల్ దగ్గర నిలబడి, ఈ నిమిషంలో బెర్నిస్ ఏం చేస్తోందని అడిగింది. కార్ల్ ఆ కార్యాలయంలో రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి. కుర్చీ వెనక్కి తోసుకున్నాడు.

"బెర్నిసా? మందుల పథకం. ఆ పిల్ల మొగుడు వదిలేశాడు, డాక్టరు చూడనన్నాడట, బెర్నిస్ మూడో డాక్టరుకి ఫోను చేస్తోంది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. మొండిఘటం. ఆ స్వెటరు మాత్రం దరిద్రంగా ఉంది, రాసుకో."

ఐలీ రాసుకుంది. స్వెటరు సంగతి కూడా రాసుకుంది. అన్న మాట అన్నట్టు రాయడం ఆమె పద్ధతి.

అప్పటి నుంచి తామరాక్ జవాబులు పొంగి పొర్లాయి. చలి ముదిరేసరికి ఆ కార్యాలయంలో ఊరికే కూర్చున్నవాడు ఒక్కడు కూడా మిగల్లేదు. రాజధాని సంతోషించింది. వాషింగ్టన్‌కి మాత్రం సంతోషం కలగలేదు. శరదృతువులో మూడోవంతు బద్ధకస్తులైన ఊరు, క్రిస్మస్ దాటేసరికి ఇంత పనిమంతుల ఊరు ఎలా అయింది? చూసి రమ్మని షికాగోలోని తన కార్యాలయం నుంచి పెటిఫర్డ్ అనే తనిఖీదారుని పంపింది.

ఆయన నగరం బూట్లతో మంచులోకి దిగి, అవి తడిసి, కిచకిచమంటుండగా కార్యాలయంలోకి వచ్చాడు. నల్లజాతి మనిషి, పెద్ద వయసు, నెమ్మదైన గొంతు. యాలకుల రొట్టె పెడితే, తనిఖీ అయ్యేదాకా ఏమీ తీసుకోనన్నాడు. ఐలీకి ఆ మాటతో ఆయన మీద గౌరవం కలిగింది, భయం కూడా కలిగింది. ఆయన అచ్చం తనలాంటి మనిషి.

పొద్దంతా కాగితాలు చదివాడు. సాయంత్రానికి అందరి ముందూ చెప్పాడు. "అప్పుడు రాసిందైనా అబద్ధం అయ్యుండాలి, ఇప్పుడు రాసిందైనా అబద్ధం అయ్యుండాలి. మనుషులు అంతలో మారరు. నేను ఒక్కరిని అడుగుతాను. నేరుగా, వాళ్ల గురించి వాళ్లనే." చుట్టూ చూసి ఐలీ దగ్గర ఆగాడు. "ఈవిడ అందర్నీ అడిగింది. ఈవిణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు."

ఆ క్షణంలో ఆమె చెవి దగ్గర ఫోను ఉంది. ఓన్ని సల్మేలా ఇంట్లో నూనె అయిపోయింది. ఆయన ఆమె బల్లకి ఎదురుగా టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఇల్లు చేరేలోపు నూనె బండి చేరాలని ఐలీ దుకాణంవాడి కోసం ఫోను పట్టుకుని కాచుకుంది. ఆ మాట చెబితే చాలు. చెప్పకపోతే పాత లెక్కే నిజమవుతుంది, మంచు కరిగేనాటికి ఈ గదికి తాళం పడుతుంది. అన్నీ తెలుసు ఆమెకి.

"అమ్మా, ఇప్పుడు, ఈ నిమిషంలో మీరు ఏం చేస్తున్నారు?"

ఐలీ నోరు తెరిచింది. చెప్పాలని ఎంత బలంగా అనుకుందో దేవుడికి తెలుసు. ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"ఏం లేదండీ. ఊరికే కూర్చున్నా" అంది.

ట్రెవారో గారు కళ్లు మూసుకున్నాడు. పెటిఫర్డ్ కలం తీశాడు.

అప్పుడు బెర్నిస్ లేచి, బల్లల మధ్య నుంచి వచ్చి, ఓన్ని భుజం మీద చెయ్యి వేసింది. "తాతా, ఐలీని ఏదైనా అడుగు" అంది.

ఓన్ని తన జన్మలో ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. టోపీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అందరూ ఆగారు. పెటిఫర్డ్ కూడా ఆగాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, "మరుగుదొడ్డి ఎక్కడ?"

ఇన్నేళ్లుగా ఆయన నెలనెలా వెళ్లే మరుగుదొడ్డే. ఐలీ లేచి, ఆయన చెయ్యి పట్టుకుని నడవా చివరికి నడిపించింది. వాళ్లు అటు తిరగ్గానే బెర్నిస్, "సార్, ఆవిడ ఇప్పుడు సహాయం కోసం వచ్చిన మనిషితో ఉంది. నియమం ప్రకారం పక్కనున్న నన్ను అడగాలి" అంది.

పెటిఫర్డ్ నియమాలు తెలిసిన మనిషి. కాగితం తిప్పి, సరే, ఆవిడ ఏం చేస్తోంది అని అడిగాడు.

"ఆ ముసలాయనకి నూనె తెప్పిస్తోంది. వరసగా నాలుగో దుకాణం. పొద్దున మేం రాకముందే వాకిట్లో మంచు ఎత్తిపోసింది, ముసలాళ్లు జారతారని. అది ఎవరూ చెప్పలేదు ఆవిడకి. కళ్లు కనపడనోళ్లకి దరఖాస్తులు చదివి పెడుతుంది, మధ్యాహ్నం తిండి మానేసి." బెర్నిస్ ఆగలేదు. "ఇంకోటి రాసుకోండి. ఈ ఊళ్లో నన్ను ఏం చేస్తున్నావని అడిగి, జవాబు చెప్పేదాకా నిలబడ్డ మనిషి ఆవిడొక్కతే. మా ఆయన కూడా ఎన్నడూ అడగలేదు. ఆవిడ వచ్చి నిలబడితే, నేను చేసేది ఎవరికో కావాలి అనిపించేది. నేనే ప్రతిసారీ అబద్ధం చెప్పా. ఆవిడ నిజమే రాసింది."

నడవా చివర ఐలీ గోడ వైపు తిరిగి నిలబడింది. ప్రతి మాటా వినిపించింది. తలుపు అవతల ఓన్ని నీళ్ల చప్పుడు కూడా చేయకుండా వింటున్నాడు.

పెటిఫర్డ్ అంతా రాసుకుని, తలెత్తి, "మరి మీరు? ఇప్పుడు మీరేం చేస్తున్నారు?" అన్నాడు.

"నేనా?" బెర్నిస్ చెవుల దాకా ఎర్రబడింది. "ఏం లేదండీ. నిలబడ్డా."

ఆయన పాత కాగితాలు వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టి ఆపాడు.

"ఈ స్వెటరు ఎవరిది?"

"ఇదేనండీ" అంది బెర్నిస్, కొంగు లాగినట్టు స్వెటరు అంచు లాగి చూపించింది.

ఆకుపచ్చ మీద ఊదారంగు జింకలు. పెటిఫర్డ్ దాన్ని తనిఖీ చేయవలసినంత శ్రద్ధగా తనిఖీ చేశాడు. "కార్ల్ గారు నిజమే చెప్పారు," అని కలం మూతపెట్టి, "అబద్ధాలు రాసేవాళ్లు ఇలాంటివి రాయరు" అన్నాడు. తర్వాత ఆ యాలకుల రొట్టె ఇంకా ఉందా అని అడిగాడు.

కార్యాలయం ఉండిపోయింది. ఆ కౌంటీలో మాత్రం మనిషిని కాకుండా పక్క మనిషిని అడగవచ్చని షికాగో నుంచి అనుమతి వచ్చింది. అలాంటి అనుమతి ఇంకెక్కడా లేదని ట్రెవారో గారు గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన కార్న్‌వాల్ మనిషి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు, అంటే పెటిఫర్డ్ వచ్చిన మంగళవారం, ఐలీ చీకటి పడుతుండగా ఇంటికి వచ్చింది. రేనో వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ఇవాళ ఏం చేశావని అడిగాడు.

"ఏం లేదు. ఒకాయనకి మరుగుదొడ్డి చూపించా" అంది ఐలీ, బూట్లు విప్పుకుంటూ.

రేనో తలూపాడు. ఆపాటికే ఊళ్లో సగం మంది ఫోను చేసి సంగతంతా అతనికి చెప్పేశారు. ఆ మాట అతను ఎత్తలేదు. ఐలీ కిటికీ దగ్గరికి వచ్చి చూస్తే, ఇంటి వెనక ఆవిరి గది గొట్టంలోంచి పొగ వస్తోంది.

"ఇవాళ మంగళవారం కదా. ఎందుకు వెలిగించావు?" అంది.

"ఏం లేదు. ఊరికే" అన్నాడు రేనో, ఆమెకి తువ్వాలు అందిస్తూ.